గట్టు తగాదాలో ఎవరి నీళ్లు తాగాలి

మొన్న ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు హారిక. పక్క మండలంలో గ్రామ సర్వేయరు. ఉద్యోగంలో చేరి ఇంకా రెండేళ్లు నిండలేదు. వాళ్ల ఊరి పొలిమేరలో ఒక పాత సర్వే రాయి కనబడటం లేదట. నా రోజుల్లో అది ఎక్కడ ఉండేదో చెబుతానేమోనని వచ్చింది. రాయి సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సార్, ఇంకొకటి అడగనా? మీరు నవ్వకూడదు."

"అడుగమ్మా."

"ఎండల్లో పొలాల్లో తిరిగేటప్పుడు మీరేం తాగేవాళ్లు? పోయిన వారం పత్తి పీకేసిన చేలో కళ్లు తిరిగి పడిపోయాను. ఒకళ్లు గ్లూకోజ్ అంటారు, ఒకళ్లు కొబ్బరినీళ్లు అంటారు. మా అమ్మేమో అసలీ ఉద్యోగమే వద్దంటోంది."

నాకు నవ్వు రాలేదు. ముప్పై ఐదేళ్లు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో గట్లు కొలిచాను. కొలతల గురించి, కోర్టు సాక్ష్యాల గురించి, పై అధికారులతో ఎలా మసలుకోవాలనే దాని గురించి అందరూ అడిగారు. ఏం తాగావని ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయికి నిలబడి చెప్పగలిగినంత చెప్పి పంపాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. అందుకే ఆమెకూ, ఆమెలాంటి కొత్త సర్వేయర్లకూ కూర్చుని రాస్తున్నాను.

ఒక సంగతి మాత్రం ఆ రోజే చూశాను. ఆమె సంచి పక్క జేబులో లోపలి నీళ్లు కనబడే ప్లాస్టిక్ సీసా ఉంది. మూతి దాకా నిండుగా ఉంది. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలిన పిల్ల, సాయంత్రం ఐదవుతుంటే, ఒక్క గుక్క కూడా తాగలేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

నడక

సర్వేయరు ఉద్యోగం అంటే కొలవడం అనుకుంటారు. కాదు, నడవడం. ఇప్పుడు మీకు ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు వచ్చాయి, ఆకాశంలోంచి ఫొటోలు తీసే డ్రోన్లు వచ్చాయి. అయినా రోవర్ పట్టుకుని గట్టు దాకా వెళ్లాల్సింది మనిషే. ఆ గట్టు దాకా కారు రాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉద్యోగంలో చేరేముందు మీకెవరూ చెప్పరు. మన నేలలో మిరప, పత్తి మనిషి నడుము ఎత్తున లేచి ఉంటే కొలత చైను లాగలేం. రైతు ఒప్పుకోడు, ఒప్పుకోవడం తప్పు కూడా. పంట తీసి, కట్టె పీకి, నేల ఖాళీ అయ్యాకే మన పని మొదలవుతుంది. అంటే ఊరంతా నీడకు చేరే నెలల్లో మనం ఎండకు బయల్దేరతాం. మార్చి నుంచి జూన్ దాకా నల్లరేగడి నేల నోళ్లు తెరిచి ఉంటుంది. ఆ పగుళ్లలో చైను ఇరుక్కుంటుంది. చెట్టన్నది కనుచూపు మేరలో ఉండదు.

ఆ ఎండల్లో నేను ఏం తాగేవాణ్ణంటే, పొద్దున ఇంట్లో పెద్ద గ్లాసుతో గంజి, అందులో ఉప్పు. మా అమ్మ రాత్రి అన్నంలో పోసి ఉంచిన నీళ్లే వంచి ఇచ్చేది ఒక్కోరోజు. దాని వాసన గిట్టక మొదట్లో ముక్కు మూసుకుని తాగేవాణ్ణి. తర్వాత అది లేని రోజు నడక సాగేది కాదు. పొలంలోకి మరచెంబు తీసుకెళ్లేవాణ్ణి. మూత మర తిప్పి బిగించే ఇత్తడి చెంబు, మా తాతగారిది. అందులో నీళ్లలాగే పల్చగా ఉన్న మజ్జిగ, ఉప్పు, నిమ్మాకు. చిక్కటి పెరుగు వద్దు, మంచు ముక్కలు వద్దు. ఐసు నీళ్లు గొంతులోనే ఆగిపోతాయి, కడుపుకు అందవు అనేది నా అభిప్రాయం. డాక్టర్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

గోలీ సోడా సరదాకి బాగుంటుంది. రంగు సీసాల కూల్ డ్రింకు తాగితే పావుగంటకు దాహం రెట్టింపై వెనక్కి వస్తుంది. తాటి ముంజలు దొరికితే వదలొద్దు. ఇక కల్లు. మా వాళ్లలో ఎండలో కల్లు తాగి చైను పట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల కొలతలు ఇప్పటికీ కోర్టుల్లో తిరుగుతున్నాయి. అంతకంటే చెప్పను.

అన్నిటికంటే ముఖ్యం ఏమంటే, దాహం వేసేదాకా ఆగకూడదు. గంటకు రెండుసార్లు, రెండు గుక్కలు. దాహం వేశాక తాగడం అంటే ఆలస్యమైనట్టే లెక్క.

వానకు, చలికి

పంట ఉన్న నెలల్లో కూడా రాళ్లు చూడటానికి తిరగక తప్పదు. వానాకాలం మోసం చేస్తుంది. పైన మబ్బు ఉంటుంది, ఒళ్లు తడిగా ఉంటుంది, అది వానో చెమటో తెలియదు. రేగడి బురద చెప్పులకు పట్టి ఒక్కో కాలు రెండు శేర్ల బరువు ఎక్కుతుంది. ఎండలో కంటే ఎక్కువ ఒళ్లు అలుస్తుంది, దాహం మాత్రం వేయదు. ఆ నెలల్లో కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఏదీ వద్దు. నేను పొన్నూరు వైపు పనిచేసిన కొత్తలో, కాలవ నీళ్లు తేటగా పారుతున్నాయి కదా అని దోసిలితో తాగాను. పదిరోజులు మంచం దిగలేదు. నీళ్లు తేటగా ఉన్నాయా అని కాదు, పైన ఏ ఊరు దాటి వచ్చాయి అని చూడాలి.

చలికాలంలో తెల్లారి మంచులో బయల్దేరితే పదింటిదాకా నీళ్లు గుర్తే రావు. మిరప చేల మధ్య నడిస్తే గొంతులో గరగర మొదలవుతుంది. కల్లాల్లో కాయ ఆరబోసి ఉంటే చెప్పక్కర్లేదు, దగ్గు ఆగదు. ఆ గరగరకు టీ మీద టీ తాగుతారు. నేనూ తాగేవాణ్ణి. మధ్యాహ్నానికి తలనొప్పి. తర్వాత శొంఠి, ధనియాలు వేసి కాచిన నీళ్లు ఫ్లాస్కులో పోసుకెళ్లడం నేర్చుకున్నాను. గోరువెచ్చని నీళ్లైతే చలిలో కూడా తాగబుద్ధేస్తుంది.

కొత్తపట్నం దగ్గర సముద్రం పక్క ఇసకలో వారం రోజులు నడిచాను. అక్కడ చలికాలం కూడా ఎండాకాలమే. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. చేపల వాళ్ల ఆడవాళ్లు ఎక్కడినుంచో తీపి నీళ్లు మోసుకొచ్చుకుని, అందులోంచే మాకు చెంబుడు ఇచ్చారు. ఎవరు, ఎందుకొచ్చారు అని అడగలేదు. అక్కడ గట్టు తగాదాలు లేవు కాబట్టి నేను కూడా నిశ్చింతగా తాగాను. ఆ మాట ఎందుకంటున్నానో ఇప్పుడు చెబుతాను.

రామలింగం గారి నియమం

నాకు పని నేర్పిన సర్వే ఇన్‌స్పెక్టరు రామలింగం గారు. పొట్టి మనిషి, గట్టి గొంతు, లంచం అన్న మాట వింటే పళ్లు పటపట కొరికేవారు. నేను చేరిన మొదటి వారంలోనే నన్ను కూర్చోబెట్టి ఒక కథ చెప్పారు. ఆయన కుర్రతనంలో ఒక గట్టు తగాదాకు వెళ్లి, ఒక పక్షం వాళ్ల ఇంట్లో మర్యాదకు కాఫీ తాగారట. కొలత వాళ్ల వైపే వచ్చింది. కొలత సరైనదే. కానీ సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, "సర్వేయరు వాళ్లింట్లో కాఫీ తాగాడు." మళ్లీ కొలిపించారు, మళ్లీ అదే వచ్చింది. అయినా ఎవరూ నమ్మలేదు.

"ఒరేయ్, మన ఊళ్లల్లో సర్వేయరు వచ్చిపోయాక మొదట అడిగే మాటేంటో తెలుసా? ఎంత వచ్చింది అని కాదు. ఎవరి నీళ్లు తాగాడు అని. అందుకని తగాదా పొలంలో ఇద్దరి నీళ్లూ తాగకు. నీ నీళ్లు నువ్వు మోసుకెళ్లు. నీ మనుషులు కూడా తాగకూడదు. అర్థమైందా?"

అర్థమైంది. నాకు ఎంతో నచ్చింది కూడా. మీరు కూడా ఆ మాట విని ఉంటారు, ఇప్పటికీ చెబుతున్నారని విన్నాను. తప్పుడు మాట కాదు. ఎదుటివాడికి అనుమానం రాకుండా నడుచుకోవడం ఈ ఉద్యోగంలో సగం పని. కానీ ఆ నియమం ఎవరి గొంతు ఎండబెడుతుందో రామలింగం గారు చెప్పలేదు. నేనూ అడగలేదు.

దేవసహాయం

నా దగ్గర చైను పట్టే చైన్‌మన్‌గా చేసింది దేవసహాయం. అప్పటికి నలభై అయిదేళ్లు ఉంటాయి, నాకంటే పదేళ్లకు పైగా పెద్ద. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తేది ఆయనే. పొడుగ్గా, సన్నగా, కొలతలో గురి కోసం పట్టే జెండా కర్ర పక్కన నిలబడితే ఏది కర్రో ఏది మనిషో తెలియనట్టు ఉండేవాడు. పూడిపోయిన రాళ్లను కాలితో తొక్కి కనిపెట్టేవాడు. "సార్, ఇక్కడ గడ్డపార వెయ్యమనండి" అంటే అక్కడ రాయి ఉండాల్సిందే. నా పేరు మోగిందంటే సగం ఆ కాళ్ల పుణ్యమే.

నీళ్లకు ఆయన దగ్గర ఎండిన సొరకాయ బుర్ర ఉండేది. అందులో నీళ్లు మధ్యాహ్నం దాకా చల్లగా ఉండేవి. అవి చాలకపోతే పొలాల్లో కూలికి వచ్చిన వాళ్ల కుండలో తాగేవాడు. వాళ్లు ఎక్కువమంది ఆయన పేట వాళ్లే. రైతుల ఇళ్ల దగ్గర మాత్రం అడిగేవాడు కాదు. అడిగితే దోసిలి పట్టమని పైనుంచి పోసేవాళ్లు. ఒకసారి ఒక రైతు పిలిచి నీళ్లు ఇస్తానంటే వద్దన్నాడు. ఎందుకొద్దన్నావు అని అడిగాను.

"మీరు వద్దంటే నిజాయితీ అంటారు సార్. నేను వద్దంటే పొగరంటారు. అయినా వద్దన్నా" అని నవ్వాడు.

నేను కూడా నవ్వాను. ఆ మాటలో నా గురించి కూడా ఉందని అప్పుడు తట్టలేదు. ఎందుకంటే నా మరచెంబులోంచి నేను ఎప్పుడూ ఆయనకు ఒక గుక్క ఇవ్వలేదు. ఇవ్వకూడదని నాకెవరూ చెప్పలేదు. ఇవ్వాలని తోచలేదు. ఇస్తే నేనూ ఎత్తి దోసిట్లోనే పోసేవాణ్ణి. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా బూటకం అవుతుంది.

మే నెలలో ఒక రోజు

ఊరి పేరు చెప్పను. అన్నదమ్ముల బిడ్డలు ఇద్దరు, కోటేశ్వరరావు, శివయ్య. ఇద్దరి మిరప చేల మధ్య గట్టు. ఏడాదికేడాది ఒకడు అటు చెక్కుతాడు, ఒకడు ఇటు చెక్కుతాడు. గడ్డపారలతో కొట్టుకునే దాకా వచ్చింది, కేసులు అయ్యాయి. ఆ రోజు గట్టు మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది.

దేవసహాయం సొరకాయ బుర్ర అంతకు వారం కిందటే పగిలింది. చిన్న సీసాతో నీళ్లు తెచ్చుకున్నాడు. ఊరి మొదట్లో చేతిపంపు దగ్గర, "సార్, ఒక్క నిమిషం ఆగితే సీసా నింపుకుంటా" అన్నాడు. "ఇప్పటికే ఆలస్యమైంది, పద" అన్నాను.

ఏడింటికి మొదలుపెట్టాం. పొలిమేర రాయి దగ్గర నుంచి చైను లాక్కుంటూ రావాలి. పదింటికి ఇనప చైను చేతికి కాలుతోంది. నేను గొడుగు కింద నిలబడి పుస్తకంలో రాసుకుంటున్నాను, మధ్యమధ్య మరచెంబు ఎత్తుతున్నాను. దేవసహాయం చైను ముందు కొస పట్టుకుని వంగుతున్నాడు, లేస్తున్నాడు. పదిన్నరకు వచ్చి మెల్లగా అడిగాడు.

"సార్, సీసాలో అయిపోయినై. ఆ కల్లంలో తాలుకాయ ఏరేవోళ్లు మా పేటోళ్లే. వాళ్ల కుండలో రెండు గుక్కలు తాగొస్తా."

కల్లం వైపు చూశాను. అది కోటేశ్వరరావు కల్లం. ఆ కూలీలు ఆయన కూలీలు. శివయ్య మనుషులు మమ్మల్నే చూస్తున్నారు.

"వద్దు దేవసహాయం. ఇంకో గంటలో అయిపోతుంది" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లి చైను అందుకున్నాడు.

పదకొండున్నర దాటాక జెండా కర్ర ఒరిగింది. గాలి కూడా లేదు, ఎందుకు ఒరిగిందా అనుకునేలోపు మనిషి కూడా ఒరిగాడు. పరిగెత్తుకుని వెళ్లాం. ఒళ్లు సలసల కాగుతోంది, ఒక్క చుక్క చెమట లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ మమ్మల్ని చూడటం లేదు. నా మరచెంబు తిప్పి చూశాను, ఖాళీ.

కోటేశ్వరరావు తల్లి మజ్జిగ కుండ ఎత్తుకుని వస్తోంది. అవతల నుంచి శివయ్య భార్య బిందెతో నీళ్లు తెస్తోంది. అప్పుడు నేను చేసిన పని ఈ వయసులో కూడా నన్ను నిద్రలేపి కూర్చోబెడుతుంది. చెయ్యి ఎత్తి ఆపాను.

"ఆగండమ్మా. ఎవరి నీళ్లూ వద్దు. మా నీళ్లు వస్తున్నాయి."

మా వెంట ఉన్న ఊరి తలారిని సైకిల్ మీద చేతిపంపుకు పంపాను. పొద్దున నేను ఆగకుండా దాటి వచ్చిన చేతిపంపే అది. అది ఎవరిదీ కాదు కదా, అందుకని. శివయ్య నా మాటే పట్టుకున్నాడు. "సర్వేయర్ గారు చెప్పింది కరెక్టే. ఆ మజ్జిగ తాగిస్తే రేపు మా మాట ఎవడు వింటాడు?" కోటేశ్వరరావు లేచాడు, "మీ బిందె తాగిస్తే మాకో?" అన్నాడు. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. నేను రోడ్డు వైపు చూస్తున్నాను.

పది నిమిషాలు. పావుగంట అనేవాళ్లు కూడా ఉన్నారు.

కోటేశ్వరరావు తల్లి మజ్జిగ కుండ కింద పెట్టింది. "ఏం మనిషివయ్యా నువ్వు? మనిషి పోతన్నాడు, నీ గట్టు ఎటు పోద్ది?" అని నన్ను తోసుకుని వెళ్లింది. శివయ్య భార్య చేతిలోంచి బిందె లాక్కుని దేవసహాయం తల మీద, ఛాతీ మీద కుమ్మరించింది. శివయ్య భార్య కూర్చుని కొంగు తడిపి ఒళ్లంతా తుడిచింది. మూడేళ్లుగా ఆ ఇద్దరు ఆడవాళ్లూ పలకరించుకోలేదని తర్వాత తెలిసింది. ట్రాక్టరు ట్రక్కులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మేము ఊరు దాటుతుంటే తలారి నీళ్లతో ఎదురొచ్చాడు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఎవరైనా అలా పడిపోతే నీడకు లాగి, ముందు ఒంటి మీద నీళ్లు పోయండి, విసరండి. స్పృహ లేనివాడి నోట్లో ఏదీ పోయొద్దు. ఆసుపత్రికి పరిగెత్తించండి. ఆ నీళ్లు ఎవరివో అడగొద్దు.

నిప్పులాంటి మనిషి

దేవసహాయం బతికాడు. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు, ఎండలో తిరగొద్దన్నారు. మళ్లీ చైను పట్టలేదు. ఆఫీసులో ఫైళ్లు మోసే పనిలో వేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య మరియమ్మ కుర్చీ వేసి, స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాను. అబద్ధం. ఆమె గ్లాసు అలాగే లోపలికి తీసుకెళ్లింది. మూడు నెలలకు నాకు పడమటి ప్రకాశానికి బదిలీ అయింది. మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. వెళ్లడానికి మొహం చెల్లలేదు.

గట్టు ఏమైందంటారా? మరో చైన్‌మన్‌తో వెళ్లి పూర్తిచేశాను. అడుగున్నర కోటేశ్వరరావు వైపు వచ్చింది. శివయ్య నోరెత్తలేదు. పైగా ఆయనే చెప్పుకున్నాడు, "నిప్పులాంటి మనిషి. తన చైన్‌మన్ పడిపోయినా ఎవరి మజ్జిగా ముట్టనీలా." ఆ మాట నాకంటే ముందే నేను బదిలీ అయిన ప్రతి మండలానికీ చేరేది. పై అధికారులు కొత్తవాళ్లకు చెప్పేవాళ్లు. నా పదవీ విరమణ సభలో కూడా ఒకాయన మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, అది అలా కాదు అనలేదు. దండ వేయించుకుని కూర్చున్నాను.

మారింది మాత్రం పని చేసే పద్ధతి. ఆ తర్వాత ఏ తగాదాకు వెళ్లినా ముందే రెండు పక్షాలనూ పిలిచి చెప్పేవాణ్ణి. "నీళ్లు ఇద్దరూ తెప్పించండి. ఇద్దరివీ తాగుతాం, అందరి ఎదుటా. ముందు మా చైన్‌మన్ తాగుతాడు, తర్వాత నేను. అదే గ్లాసు." తుళ్లూరు వైపు ఒక పెద్దాయన, అప్పట్లో అదంతా పొలాలే, గ్లాసు మాట వినగానే మొహం చిట్లించాడు. "మీకు గ్లాసిస్తాం, అతను దోసిలి పడతాడు" అన్నాడు. చైను మడిచి సంచిలో వేశాను. గ్లాసు వచ్చింది. ఇద్దరి నీళ్లూ తాగినందుకు నన్నెవరూ అనుమానించలేదు. ఇంత సులువైన దారి ఉందని రామలింగం గారికీ తోచలేదు, నాకూ ముందు తోచలేదు. తోచేసరికి ఒక మనిషి ఒళ్లు పాడైపోయింది.

హారిక సీసా

హారిక వెళ్లాక మా ఆవిడతో అన్నాను, "చూశావా, సీసా నిండుగా ఉంది. నీళ్లు మోసుకెళ్తారు గానీ తాగరు ఈ కాలం పిల్లలు. బద్ధకం."

మా ఆవిడ చేతిలో పని ఆపి నా వైపు చూసింది. "తాగితే ఎక్కడికి వెళ్తుందండీ ఆ పిల్ల? మీకేం, గట్టు పక్కన నిలబడతారు. ఆ ఖాళీ చేలల్లో చుట్టూ పదిమంది మగాళ్ల మధ్య ఆమె ఎక్కడికి పోవాలి?"

నాకది తట్టనే లేదు. అడిగినందుకు గంజి గురించి, మజ్జిగ గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె బుద్ధిగా తల ఊపింది, పాపం. మరుసటి రోజు ఫోన్ చేసి అడిగాను. ముందు మాట మార్చబోయింది. తర్వాత, "అవును సార్. పొద్దున్నుంచి తాగకుండా ఉంటే సాయంత్రం దాకా ఇబ్బంది ఉండదని అలవాటు చేసుకున్నాను" అంది.

"పొలానికి వెళ్లేముందు ఊళ్లో ఒక ఇల్లు చూసుకో అమ్మా. అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో ఉంటారు. పని మధ్యలో అరగంట ఆపి అక్కడికి వెళ్లిరా. ఎవరైనా గొణిగితే గొణగనీ. ఆ అరగంట కూడా సర్వే పనిలో భాగమే. నీతో వచ్చే మిగతా ఆడపిల్లలకు కూడా చెప్పు" అన్నాను. మగ సర్వేయర్లకు కూడా చెబుతున్నాను. మీ పక్కన ఉన్న మనిషి సీసా నిండుగా ఉందంటే, ఆ మనిషికి దాహం లేదని కాదు. ఎందుకు తాగలేదో తెలుసుకోండి. అడగడానికి సిగ్గుపడితే మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి.

ఫోన్ పెట్టేశాక దేవసహాయాన్ని చూడాలనిపించింది.

ఒక గ్లాసు

ఈ మే నెలలోనే వెళ్లాను. అదే పేట, చర్చి వెనక అదే ఇల్లు, పైన రేకులు మాత్రం పోయి స్లాబు వచ్చింది. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూడగానే లేవబోయాడు, నేనే వెళ్లి పట్టుకుని కూర్చోబెట్టాను.

"సర్వేయర్ గారా! ఎన్నాళ్లకండీ!"

మంచం పక్కన స్టూలు మీద ఒక ప్లాస్టిక్ సీసా ఉంది. దాని మీద పెన్నుతో గీతలు గీసి ఉన్నాయి. ఏమిటని అడిగాను. మరియమ్మ చెప్పింది. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటున్నాడు. రోజు మొత్తానికి ఆ సీసాడే నీళ్లు. పొద్దున ఒక గీత దాకా, మధ్యాహ్నం ఒక గీత దాకా. అంతకుమించి ఒక్క గుక్క తాగకూడదు. అప్పటి దానికీ ఇప్పటి దానికీ సంబంధం ఉందో లేదో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. నేను తేల్చుకున్నాను.

బయట ఎండ పేలిపోతోంది. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. సీసాలో నీళ్లు అప్పటికే మధ్యాహ్నం గీతకు దిగిపోయాయి. ఆయన మాటిమాటికీ నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు.

ఎన్నో ఏళ్లుగా దాచుకున్న మాట అడిగేశాను. "దేవసహాయం, ఆ రోజు నువ్వు పడిపోయినప్పుడు మజ్జిగ తెస్తుంటే నేను ఆపాను. నీకు తెలుసా?"

"తెలుసండీ. కళ్లు కనపళ్లా గానీ చెవులు పనిచేస్తానే ఉన్నై. ఎవరి నీళ్లూ వద్దు అన్నారు మీరు."

"నన్నెప్పుడూ అడగలేదేం?"

"ఏమని అడగమంటారు?" అన్నాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది. "తర్వాత మీరు చైన్‌మన్లకి గ్లాసుతో ఇప్పిస్తన్నారని మావోళ్లు చెప్పారు. విన్నా. మంచిపని చేశారు. నన్ను చూడ్డానికి మాత్రం రాలా మీరు."

"తప్పు చేశాను దేవసహాయం. క్షమించు" అన్నాను.

ఆయన లోపలికి చూసి, "మరియమ్మా, సార్‌కి మంచినీళ్లు తే. కుండలోయి" అన్నాడు.

మరియమ్మ స్టీలు గ్లాసు నిండా తెచ్చింది. చల్లటి నీళ్లకు గ్లాసు బయట చెమట పట్టింది. అప్పుడు వద్దన్న గ్లాసే అయి ఉండొచ్చు. అందుకున్నాను, కానీ ఎత్తలేకపోయాను. ఎండలో వచ్చిన నాకు దాహంగా ఉంది. ఎదురుగా ఆ మనిషి, ఆ గీతల సీసా. ఇప్పుడు కూడా "తాగొచ్చాను" అందామని నోటిదాకా వచ్చింది.

ఆయన నా చేతిలో గ్లాసునే చూస్తున్నాడు.

"తాగండి సార్. మీరు తాగుతుంటే చూస్తాను. నాకూ చల్లగా ఉంటది."

తాగాను. ఆయన చూస్తుండగా, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను.